కంటికి ఆనకపోతే చాలా?

కొండ మీద రోప్‌వే స్టేషన్ కట్టాలన్న ఆలోచన రాగానే వాస్తుశిల్పులూ, పర్యావరణ ప్రేమికులూ, పర్యాటక శాఖలూ ఒకే మాట మీదికి వస్తారు. స్టేషన్ ప్రకృతిలో కలిసిపోవాలి. కింది నుంచి చూసేవాడికి అక్కడొక కట్టడం ఉందన్న సంగతే తెలియకూడదు. కప్పు మీద గడ్డి పెంచాలి, గోడలకు అక్కడి రాయి తొడగాలి, వీలైతే సగం భవనాన్ని కొండ కడుపులోకి నెట్టాలి. ఈ మాటను కాదనేవాళ్లు దాదాపు లేరు. కాదంటే కొండ మీద ప్రేమ లేనివాడని ముద్ర పడుతుంది. నేను మాత్రం కొండ మీద ప్రేమతోనే కాదంటున్నాను. ఈ కొలమానం కొండ మేలు కోరుతున్నట్టు కనిపిస్తూనే, కొండను ఎక్కువ గాయపరిచే కట్టడాలకు యోగ్యతాపత్రం ఇస్తోంది.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, మన దేశంలో రోప్‌వేల కాలం మొదలైంది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో పర్వతమాల పథకాన్ని ప్రకటించారు. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రెండు పెద్ద రోప్‌వేలకు ఆమోదం తెలిపింది. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కు 12.9 కిలోమీటర్లు, ఖర్చు 4,081 కోట్ల రూపాయలు. గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్ సాహిబ్‌కు 12.4 కిలోమీటర్లు, ఖర్చు 2,730 కోట్లు. మనకు శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే, విశాఖలో కైలాసగిరి రోప్‌వే ఎప్పటినుంచో ఉన్నాయి. భువనగిరి కోటకు ఒకటి వేయాలన్న ప్రతిపాదన కూడా ఉంది. రానున్న పదేళ్లలో కొండల మీద కట్టబోయే స్టేషన్లను ఏ గీటురాయి మీద పరీక్షించాలో ఇప్పుడు తేల్చుకోకపోతే, తర్వాత తేల్చుకోవడానికి కొండ వాలు మిగలదు.

ముందు స్టేషన్ అంటే ఏమిటో చూద్దాం. టికెట్ కొనుక్కుని కూర్చునే హాలు అందులో చిన్న భాగం. అసలు అది ఒక పెద్ద యంత్రానికి కొస. క్యాబిన్ బరువు మోసే ఉక్కుతాడు ఒక చివర కొండలోకి దిగిన కాంక్రీటు దిమ్మెకు చుట్టుకుని ఉంటుంది. రెండో చివర ఒక భారీ బరువుకు వేలాడుతుంది, లేదా అక్కడా దిమ్మెకే బిగిసి ఉంటుంది. పెద్ద రోప్‌వేల్లో ఈ తాళ్లన్నిటి లాగుడు కలిపి వందల టన్నులు. క్యాబిన్లు తిరుగుతున్నా ఆగిపోయినా, పగలైనా రాత్రైనా, ఆ బలం స్టేషన్‌ను లోయ వైపు లాగుతూనే ఉంటుంది. మామూలు భవనం తన బరువుతో నేలను కిందికి నొక్కుతుంది, అంతే. రోప్‌వే స్టేషన్ నేలను పక్కకు కూడా లాగుతుంది. దాని పునాది కొండతో చేసే బేరమంతా ఈ లాగుడు గురించే. గోడ ఏ రంగులో ఉందన్నది ఆ బేరంలో లెక్కకు రాదు.

రోప్‌వేల్లో రకాలున్నాయి, వాటిని బట్టి స్టేషన్ ఆకారం మారిపోతుంది. చిన్న క్యాబిన్లు వరసగా తిరిగే గొండోలాలో ప్రతి క్యాబిన్ స్టేషన్‌లోకి రాగానే తాడును వదిలేసి, రబ్బరు టైర్ల వరస మీద వేగం తగ్గించుకుని, మనిషి నడక కన్నా నెమ్మదిగా ప్లాట్‌ఫాం వెంట సాగాలి. మళ్లీ వేగం పుంజుకుని తాడును పట్టుకోవాలి. దీనికి పొడవాటి చదును నేల కావాలి. నిటారు కొండ మీద అంత చదును కావాలంటే వాలును కోయడమో, ఎత్తైన స్తంభాల మీద వేదిక నిలపడమో తప్ప దారి లేదు. రెండు పెద్ద క్యాబిన్లు ఒకటి ఎక్కుతుంటే మరొకటి దిగే పద్ధతిలో ఇంత చదును అక్కర్లేదు. క్యాబిన్ నేరుగా తన గూట్లోకి వచ్చి ఆగుతుంది, ప్లాట్‌ఫాం మెట్లుమెట్లుగా ఉన్నా నడుస్తుంది. అయితే ఆ పద్ధతిలో గంటకు ఎక్కేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. కాబట్టి కొండకు జరిగే నష్టంలో పెద్ద భాగం వాస్తుశిల్పి పెన్సిల్ పట్టకముందే ఖరారైపోతుంది. గంటకు ఎంతమంది, ఏ పద్ధతి, ఎక్కడ దిగాలి అన్న మూడు నిర్ణయాల్లోనే అది ఉంది. కలిసిపోవాలన్న వాదం ఈ మూడింటి జోలికీ పోదు. అన్నీ అయిపోయాక వచ్చి, కట్టేదానికి ఏ ముసుగు వేయాలో చెబుతుంది.

పోనీ ముసుగైనా పనిచేస్తుందా? స్టేషన్‌ను దాచవచ్చు గానీ దానిలోంచి బయటికి వచ్చే తాడును దాచలేం. జర్మనీలో సుగ్‌స్పిట్సే శిఖరానికి 2017 డిసెంబరులో ప్రారంభించిన కేబుల్ కారుకు ఒకటే టవర్ ఉంది, దాని ఎత్తు 127 మీటర్లు. అక్కడి నుంచి పై స్టేషన్ దాకా 3,213 మీటర్ల మేర తాడుకు మధ్యలో ఎక్కడా ఆధారం లేదు. ఈ కొలతల యంత్రాన్ని ప్రకృతిలో కలిపేస్తానని ఎవరూ నిజాయితీగా అనలేరు. లోయలో నిలబడి తలెత్తినవాడి చూపు తాడు వెంటే పైకి వెళ్లి స్టేషన్ దగ్గర ఆగుతుంది. అక్కడ గడ్డి కప్పు ఉన్నా, గాజు కప్పు ఉన్నా చూపు ఆగడం ఆగదు. సుగ్‌స్పిట్సేలో మెచ్చుకోదగినది మరొకటి ఉంది. ఒకే టవర్‌తో సరిపెట్టడం వల్ల మిగతా వాలంతా తవ్వకం లేకుండా మిగిలింది. దూరం నుంచి బాగా కనిపించే ఆ టవరే, కనిపించని అనేక పునాదులను తప్పించింది.

ఇక కొండలోకి పాతిపెట్టడం. ఈ ఆలోచనకున్న ఆకర్షణ నాకు తెలుసు. కాగితం మీద గీసినప్పుడు వాలు గీత చెదరదు, పైన గడ్డి అలాగే ఉంటుంది, వాలులో ఒక సన్నటి చీలిక మాత్రమే కనిపిస్తుంది. అయితే ఆ గీత కింద ఏం జరిగిందో లెక్క వేసి చూడండి. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల లోతు ఉన్న గదిని పాతాలంటే 8,000 ఘనపు మీటర్ల రాయి తీయాలి. పగిలిన రాయి పగలని రాయి కన్నా దాదాపు ఒకటిన్నర రెట్ల చోటు ఆక్రమిస్తుంది. అంటే 12,000 ఘనపు మీటర్ల రాళ్లగుట్ట. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లయితే 1,200 లోడ్లు. ఆ టిప్పర్లు ఎక్కడానికి కొండకు రోడ్డు కోయాలి. రోడ్డు లేకపోతే ఆ రాయిని పక్క లోయలోకి తోసేస్తారు. మన హిమాలయాల్లో రోడ్ల పనుల్లో అలా తోసేసిన మట్టి నదులను ఏం చేసిందో ఉత్తరాఖండ్ వెళ్లినవాళ్లు చూస్తూనే ఉన్నారు. స్టేషన్ ఫొటోలో కనిపించనంత మాత్రాన ఈ గుట్ట లేకుండా పోదు. అది ఫొటో అంచుకు అవతల ఉంది.

తవ్వకం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది నీరు. వాన నీరు కొండ పైపొరల్లో, రాతి పగుళ్ల వెంట మెల్లగా కిందికి దిగుతుంది. దానికి అడ్డంగా భూమిలోకి దింపిన కాంక్రీటు గోడ ఒక ఆనకట్ట. నీరు గోడ వెనక చేరి ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడి తీసేయడానికి గోడ వెనక గొట్టాలు పెట్టి నీటినంతా ఒకచోటికి తెచ్చి వదులుతారు. అంతకుముందు వెయ్యి దారుల్లో పోయిన నీరు ఇప్పుడు ఒక్క దారిన పడుతుంది. ఆ దారిలో మట్టి కోసుకుపోతుంది, కింద ఊటలు ఎండిపోతాయి. పైకి పచ్చగా, కలిసిపోయినట్టుగా కనిపించే స్టేషన్ కింద ఇదంతా జరగవచ్చు. నేల మీద నాలుగు కాళ్ల మీద నిలబడి, కింది నుంచి నీరు పోయే దారి వదిలిన ఉక్కు చట్రం కంటికి ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా, కొండకు అదే మేలు.

జోషీమఠ్‌ను గుర్తు చేసుకోవాల్సింది ఇక్కడే. ఆ పట్టణం పాత కొండచరియ మిగిల్చిన శిథిలాల మీద నిలబడి ఉందని, భారీ నిర్మాణాలకు ఆ నేల తగదని 1976లోనే ఎం.సి. మిశ్రా కమిటీ హెచ్చరించింది. 2023 జనవరిలో ఇళ్లు బీటలు వారి, కుటుంబాలు శిబిరాలకు తరలినప్పుడు జోషీమఠ్ నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వేను కూడా ఆపేయాల్సి వచ్చింది. రోప్‌వే వల్లే పట్టణం కుంగిందని నేను అనడం లేదు. దానికి కారణాలు చాలా పెద్దవి, చాలా పాతవి. నా ప్రశ్న ఒక్కటే. ఆ నేల మీద కట్టే స్టేషన్ గురించి మొదట అడగాల్సింది ఏమిటి? దాని ముఖం గఢ్వాలీ ఇళ్లలాగా రాయి, దేవదారు చెక్కలతో ఉందా అనా, లేక దాని కింద ఎంత లోతున గట్టి రాయి తగులుతుంది, వాన నీరు ఎటు పోతుంది అనా?

ఎక్కువ ఎత్తుల్లో మరో సంగతి ఉంది. ఆల్ప్స్‌లో 3,000 మీటర్లు దాటిన చోట్ల రాతి పగుళ్లను కలిపి పట్టి ఉంచేది ఏడాది పొడవునా కరగని మంచు. ఫ్రాన్స్‌లో 1955లో ప్రారంభమైన ఎగ్వీ దు మిదీ స్టేషన్ 3,777 మీటర్ల ఎత్తున రాతి సూదుల మీద ఉంది. అక్కడ రాతిలోకి రంధ్రాలు చేసి శాస్త్రవేత్తలు లోపలి ఉష్ణోగ్రతను కొలుస్తున్నారు, ఆ మంచు ఎంత నిలుస్తుందో తెలుసుకోవడానికి. వెచ్చగా ఉంచే గదులను అలాంటి రాతిలోకి దింపితే వాటి వేడి నేరుగా ఆ మంచుకు తగులుతుంది. నేలకు, గదికి మధ్య గాలి ఆడేలా ఎత్తిపెట్టడమే అలాంటి చోట మంచి పద్ధతి. అలా ఎత్తితే కట్టడం ఇంకా బాగా కనిపిస్తుంది. కనిపించనీయండి.

పోలిక చూపితే చాలు, బంధుత్వం కుదిరినట్టేనన్న నమ్మకం కూడా ఈ వాదంలో భాగమే. దీన్ని పరీక్షించడానికి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ కన్నా మంచి చోటు లేదు. అక్కడ ఒకే ప్రయాణంలో రెండు కాలాల స్టేషన్లు తగులుతాయి. ఊళ్లోంచి హుంగర్‌బుర్గ్ దాకా వెళ్లే తాడు రైలుకు జాహా హదీద్ నాలుగు స్టేషన్లు గీశారు, 2007 డిసెంబరులో అవి ప్రారంభమయ్యాయి. వంపులు తిరిగిన తెల్లటి గాజు కప్పులు అవి. హిమానీనదాలను, గడ్డకట్టిన నీటిని తలపిస్తాయని వాటిని గురించి ప్రపంచమంతా రాసింది. అందమైనవే, కాదనను. కానీ మంచును తలపించడం మంచు కోసం చేసిన పని కాదు. అవి మంచులా ఉన్నందువల్ల ఆ వాలులో ఒక్క నీటి చుక్క దారీ మారలేదు, ఒక్క మీటరు తవ్వకమూ తగ్గలేదు. ఆ పోలిక చూసే మనకోసం.

హుంగర్‌బుర్గ్‌లో మారి కేబుల్ కారెక్కితే, ఫ్రాంజ్ బౌమాన్ 1927-28లో కట్టిన జేగ్రూబె, హాఫెలెకార్ స్టేషన్లు వస్తాయి. బౌమాన్ ఆ తిరోల్ ప్రాంతపు మనిషి. ఆయన కట్టడాలు రాయిగా నటించవు, మంచుగా నటించవు. యంత్రం ఎక్కడ ఎలా పట్టాలో దాన్ని బట్టే వాటి ఆకారం ఏర్పడింది. హాఫెలెకార్ స్టేషన్‌ను కొండ కొమ్ము మీద కాకుండా దాని కింద, సుమారు 2,256 మీటర్ల ఎత్తున పెట్టారు. కొమ్ము 2,334 మీటర్లు. చివరి కొంత దూరం మనిషి తన కాళ్ల మీద నడిచి ఎక్కాలి. దాదాపు వందేళ్ల తర్వాత ఇప్పటికీ ఆ స్టేషన్లు పనిచేస్తున్నాయి, వారసత్వ కట్టడాలుగా రక్షణ పొందుతున్నాయి. వాటిని చూసి కొండలో కలిసిపోయాయని చాలామంది మెచ్చుకుంటారు. నాకు కనిపించేది వేరు. బౌమాన్ వాటిని ఏదో ఒకదానిలా ఉండేట్టు గీయలేదు, ఎక్కడ ఆపాలో తెలుసుకుని ఆపాడు. కొమ్మును ముట్టుకోకుండా వదిలేయడం ఆయన చేసిన అన్నిటికన్నా మంచి పని.

స్థానిక రాయి గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే మన దగ్గర ఈ వాదానికి ఎక్కువ బలం అక్కడే ఉంది. కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ మీద, 1929 నుంచి నడుస్తున్న కేబుల్ కారుకు పై స్టేషన్ 1,067 మీటర్ల ఎత్తున ఉంది. రాతి గోడలు పక్కనున్న బండల్లో ఒకటిగా కనిపిస్తాయి. దీన్ని ఆదర్శంగా చూపేవాళ్లకు నా జవాబు ఇది. ఎత్తైన చోట్ల పాతకాలపు మేస్త్రీలు దొరికిన రాయితో కట్టారంటే, గోడ మొత్తం ఆ రాయే మోసేది, బయటి నుంచి మోసుకెళ్లే బరువు తగ్గేది. ఇప్పుడు మనం చేస్తున్నది అది కాదు. కాంక్రీటు గోడ కట్టి, ఎక్కడో క్వారీలో కోసిన రెండంగుళాల రాతి పలకను కొక్కేలతో దానికి తగిలిస్తున్నాం. గోడ బరువు పెరిగింది, పునాది పెరిగింది, క్వారీ రూపంలో ఇంకో కొండ తరిగింది. ఈ కొండ ముఖం కోసం ఆ కొండను తవ్వడాన్ని ప్రకృతి మీద గౌరవం అనలేను.

దీనికి పూర్తిగా ఎదురైన కట్టడం ఒకటి కాలిఫోర్నియాలో ఉంది. పామ్ స్ప్రింగ్స్ కేబుల్ కారు 1963లో ప్రారంభమైంది. దాని కింది స్టేషన్‌ను ఆల్బర్ట్ ఫ్రే, రాబ్సన్ ఛాంబర్స్ గీశారు. ఎడారి కొండల మధ్య ఇరుకు లోయ అది, మధ్యలో వాగు. వాళ్లు స్టేషన్‌ను వాగుకు అడ్డంగా వంతెనలా కట్టి, నీటిని కింది నుంచి పోనిచ్చారు. ఉక్కు దూలాలు, గాజు. దాచిందేమీ లేదు, దూరం నుంచే ఇది మనిషి చేసిన పని అని తెలుస్తుంది. ఆ మార్గంలో ఉన్న 5 టవర్లలో మొదటిదానికి తప్ప మిగతా నాలుగింటికి రోడ్డు వేయలేదు. సామాను, మనుషులు అంతా హెలికాప్టర్లలో వెళ్లారు. హెలికాప్టర్ ఖరీదైనదే, దానికి మోత ఎక్కువే, కానీ పని అయిపోయాక ఎగిరి వెళ్లిపోతుంది. రోడ్డు మాత్రం ఉండిపోయి దుకాణాలను, హోటళ్లను, మళ్లీ ఇంకో రోడ్డును వెంట తెచ్చుకుంటుంది. కలిసిపోవాలన్న గీటురాయి మీద గీస్తే ఫ్రే స్టేషన్ తప్పుతుంది. కొండ వైపు నుంచి చూస్తే దానికి మొదటి తరగతి మార్కులు వేయాలి.

స్విట్జర్లాండ్‌లో ఖేసెర్రుగ్ అనే 2,262 మీటర్ల శిఖరం మీద హెర్జోగ్, ద మ్యూరాన్ సంస్థ 2015లో పూర్తిచేసిన కట్టడాన్ని కూడా కలిసిపోవడానికి ఉదాహరణగానే చూపిస్తుంటారు, అది చెక్క కట్టడం కాబట్టి. అందులో నేర్చుకోవాల్సింది చెక్క రంగు కాదు. పాత స్టేషన్‌ను కూల్చకుండా కొత్త కప్పు కిందికి తెచ్చారు. సామగ్రిని అప్పటికే ఉన్న కేబుల్ కారులోనే పైకి చేర్చారు. కేబుల్ కారులో పట్టేంత ముక్కలతోనే కట్టాలన్న నియమం పెట్టుకుంటే కట్టడం తనంతట తానే తేలికవుతుంది, విడదీయడానికి వీలుగా ఉంటుంది. మన టెండరు పత్రాల్లో ఆకృతుల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. సామగ్రి ఏ దారిన పైకి వెళుతుందన్న ఒక్క షరతు చేర్చితే ఆ పేజీలన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇంతకన్నా పెద్ద విషయం తలుపు. కొండను మార్చేది స్టేషన్ గోడ కాదు, దాని తలుపులోంచి బయటికి నడిచే జనం. స్కాట్లండ్‌లోని కైర్న్‌గార్మ్ కొండకు 2001లో తాడు లాగే రైలు వేశారు. పై స్టేషన్ 1,097 మీటర్ల ఎత్తున ఉంది, ఆ పైన సున్నితమైన నాచు, గడ్డి, అరుదైన పక్షులు ఉండే పీఠభూమి. రైలుకు అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టిన షరతు వేసవిలో రైల్లో పైకి వచ్చినవాళ్లు స్టేషన్ దాటి పీఠభూమి మీదికి వెళ్లకూడదన్నది. చూడవచ్చు, తినవచ్చు, అదే రైల్లో దిగిపోవాలి. నడిచి ఎక్కినవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇది కఠినమైన నియమం, దీని మీద అక్కడ గొడవలూ జరిగాయి. ఆ రైలు కట్టుబడిలో లోపాలు బయటపడి 2018 నుంచి ఏళ్ల తరబడి మూతపడింది కూడా. కాబట్టి అంతటినీ ఆదర్శమనడం లేదు. కానీ కొండకు అసలు బరువు ఎక్కడి నుంచి వస్తుందో ఆ షరతు రాసినవాళ్లు సరిగ్గా పట్టుకున్నారు. వాళ్లు భవనం అందంతో ఆగకుండా తలుపు దగ్గర నిలబడ్డారు.

అదే కళ్లతో కేదార్‌నాథ్‌ను చూడండి. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం ఆ రోప్‌వే గంటకు ఒక్కో వైపు 1,800 మందిని, రోజుకు 18,000 మందిని చేర్చగలదు. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం 36 నిమిషాలవుతుంది. ముసలివాళ్లకు, నడవలేనివాళ్లకు అది నిజంగా వరం. మా ఇళ్లలో కూడా కేదారేశ్వరుణ్ని చూడాలన్న కోరిక తీరకుండా వెళ్లిపోయిన పెద్దవాళ్లున్నారు. రోప్‌వే వద్దని నేను చెప్పను. కానీ 3,583 మీటర్ల ఎత్తున, హిమానీనదం తెచ్చి పోసిన రాళ్ల మీద ఉన్న చోటది. 2013 జూన్‌లో పైనున్న చోరాబారీ సరస్సు తెగి ఆ లోయను ఊడ్చేసింది. అక్కడ రోజుకు 18,000 మంది అదనంగా దిగితే వాళ్లకు మంచినీరు ఎక్కడిది, మురుగు ఎక్కడికి, రాత్రికి ఎంతమంది ఉండిపోతారు, వాతావరణం పాడై రోప్‌వే ఆగితే ఎక్కడ తలదాచుకుంటారు, అరగంటలో రెండు వేల మీటర్లకు దగ్గరగా ఎత్తు ఎక్కినవాడికి ఊపిరి ఆడకపోతే ఆక్సిజన్ ఎంత దూరంలో ఉంది? ఆ స్టేషన్ రూపురేఖల మీద జరిగే చర్చలో ఇవన్నీ రావాలి. రాకపోతే, దానికి దేవాలయ గోపురం పెట్టినా, హిమాలయ గ్రామపు ఇంటి ముఖం పెట్టినా నాకు ఒకటే.

నీటి మాట వచ్చింది కాబట్టి టేబుల్ మౌంటెన్‌లో నాకు నచ్చిన ఒక సంగతి చెప్పాలి. అక్కడి క్యాబిన్ల అడుగున నీటి ట్యాంకులు ఉంటాయి. పైన వాడుకునే నీరు వాటిలోనే ఎక్కుతుంది, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు క్యాబిన్ ఊగకుండా అదే బరువు పనికొస్తుంది. ఆ స్టేషన్‌ను గురించి మాట్లాడేవాళ్లు రాతి గోడలను పొగుడుతారు. కొండ మీద బోరు వేయకుండా, ఊటను మళ్లించకుండా నీళ్లను మోసుకెళ్తున్న ఆ ట్యాంకులే అసలు పొగడ్తకు అర్హమైనవని నా అభిప్రాయం.

నాతో విభేదించేవాళ్లు ఒక గట్టి మాట అంటారు, దానికి జవాబు చెప్పకుండా తప్పించుకోలేను. కొండ రూపం అందరి ఉమ్మడి ఆస్తి, కింద ఊళ్లో తరతరాలుగా ఉన్నవాళ్లకు ఆ ఆకాశపు గీత జీవితంలో భాగం, దాన్ని పాడుచేసే హక్కు ఎవరికీ లేదు అంటారు. నిజం, పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ దానికి పరిష్కారం శిఖరాన్ని వదిలి కింద ఆగడం, చిన్నదిగా కట్టడం, రాత్రిపూట దీపాలు ఆర్పేయడం. ఈ మూడూ బౌమాన్ కాలంలోనే సాధ్యమైన పనులు. వీటికి గడ్డి కప్పు, రాతి ముసుగు అక్కర్లేదు. అసలు ముసుగు వల్ల జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. కనిపించదన్న హామీ చూపి, కట్టకూడని చోట కట్టడానికి, అక్కర్లేనంత పెద్దగా కట్టడానికి అనుమతి తెచ్చుకుంటున్నారు. రెస్టారెంటు, షాపింగు, గాజు వంతెన, సమావేశ మందిరం, అన్నీ పాతిపెట్టాం కదా, ఇక అభ్యంతరం ఏమిటంటారు. కనిపించే స్టేషన్ అయితే ప్రతి అదనపు మీటరుకూ జనానికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

భద్రత సంగతి కూడా ఉంది. 2022 ఏప్రిల్ 10న దేవ్‌ఘర్ దగ్గర త్రికూట కొండ రోప్‌వేలో ప్రమాదం జరిగి ముగ్గురు చనిపోయారు. గాలిలో చిక్కుకుపోయినవాళ్లను వాయుసేన హెలికాప్టర్లతో దింపడానికి 40 గంటలకు పైగా పట్టింది. తాళ్లు, చక్రాలు, పట్టులు, బ్రేకులు రోజూ చేత్తో తాకి, కంటితో చూసి పరీక్షించాల్సిన వస్తువులు. యంత్రం చుట్టూ మనిషి నిలబడేంత చోటు, వెలుతురు, మరమ్మతుకు భారీ భాగాలను బయటికి తీసే దారి కావాలి. దాచిపెట్టాలన్న పట్టుదలతో గీసిన స్టేషన్‌లో మొదట బలయ్యేది ఈ చోటే.

తెలుగువాళ్లకు ఇదంతా దూరపు మాటలా అనిపించనక్కర్లేదు. విశాఖ దగ్గర రుషికొండను నిర్మాణాల కోసం తొలిచినప్పుడు, కోసిన వాలు మీద పచ్చటి పట్టాలు పరిచిన ఫొటోలు మనమంతా చూశాం. అక్కడ కట్టింది రోప్‌వే కాదు, అయినా నేను ఖండిస్తున్న ఆలోచన ఇంత స్పష్టంగా మరెక్కడా బయటపడలేదు. పచ్చగా కనిపించడమే ప్రమాణమైతే ఆ పట్టా కూడా సమాధానమవుతుంది. కొండ కోల్పోయిన మట్టి, చెట్ల వేళ్లు, వాన నీరు ఇంకే పొర వీటిలో ఏదీ పట్టా కింద లేదు.

ఇక భువనగిరి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన ఆ కోట ఏకశిల మీద ఉంది. అక్కడ పాతిపెట్టడానికి మట్టి లేదు, కప్పు మీద పెంచే గడ్డి వేరు పట్టడానికి నేల లేదు. ఏ ముసుగూ పనికిరాని చోటు అది, అందుకే అక్కడ ఈ చర్చ నిజాయితీగా జరిగే అవకాశం ఉంది. పై స్టేషన్ తేలికైన ఉక్కుతో, బోల్టులు విప్పితే విడిపోయేలా ఉండాలి. తాళ్ల ప్రధాన యంత్రం, కౌంటర్‌వెయిట్ కింద ఉండాలి. పైన దిగడానికి ఒక వేదిక, నీడ, తాగునీరు, కిందికి మోసుకురాగల మరుగుదొడ్డి చాలు. హోటలూ దుకాణాలూ కింద ఊళ్లో పెడితే ఊరికీ నాలుగు రూపాయలు వస్తాయి. స్టేషన్ కోట బురుజుల గీత కన్నా కింద ఆగాలి, పాత మెట్ల దారిని తాకకూడదు, వాన నీరు బండ మీద జారి కోటలోని గుంటల్లోకి చేరే దారులను దాటకూడదు. రోజుకు ఎంతమందిని పైకి పంపాలన్నది రోప్‌వే సామర్థ్యాన్ని బట్టి కాకుండా కోట గోడలూ మెట్లూ ఎంతమందిని మోయగలవో చూసి నిర్ణయించాలి. కింద బస్‌స్టాండు నుంచి చూస్తే బండ మీద ఆ ఉక్కు వేదిక కనిపిస్తుంది. రేపు నమూనా బొమ్మ తెచ్చి చూపినప్పుడు, బండ రంగు వేశాం కాబట్టి కనిపించదని అధికారులు చెబితే ఆ మాటకు తల ఊపవద్దు. బండలో ఎన్ని రంధ్రాలు, ఎంత లోతు, ఎన్ని ఘనపు మీటర్ల రాయి తీస్తారు, రోజుకు ఎంతమంది, మురుగు ఎటు, ముప్పై ఏళ్ల తర్వాత దీన్ని విప్పే ఖర్చు ఎవరిది? ఈ అంకెలను బొమ్మ పక్కనే రాసి, భువనగిరిలో బహిరంగంగా జనం ముందు పెట్టమని అడగండి.